జుర్రేరు లోయ: బూడిద పొరకి కిందా మనుషులే, పైనా మనుషులే. నేల ఇంత మారుతుంటే వాళ్ళు ఎలా నిలబడ్డారు?

కుందేటిగట్టు:

చాలా రోజులుగా ఈ విషయం మీద ఒక థ్రెడ్ పెట్టాలని ఉంది. మన నంద్యాల జిల్లాలో, బనగానపల్లె పక్కన, జుర్రేరు అని ఒక చిన్న ఏరు ఉంది. అది కుందూలో కలుస్తుంది, కుందూ పోయి పెన్నలో కలుస్తుంది. వానాకాలం దాటితే దాన్ని పట్టించుకునే వాళ్ళే ఉండరు. కానీ ఆదిమానవుల మీద పని చేసేవాళ్ళు ఏ దేశంలో ఉన్నా వాళ్ళకి ఈ ఏటి పేరు తెలుసు. యాగంటికి వచ్చిపోయే మనకే తెలియదు, నా బాధంతా అదే.

ఇక్కడ జ్వాలాపురం చుట్టుపక్కల పొలాల్లో పైమట్టి తీస్తే తెల్లగా, మెత్తగా ఉండే బూడిద పొర బయటపడుతుంది. ఇది పొయ్యి బూడిద కాదు, సున్నం అంతకన్నా కాదు. సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలోకి లేచి, దాదాపు 2,600 కిలోమీటర్లు సముద్రం మీదుగా వచ్చి మన లోయలో పడ్డ బూడిద. ఆ పేలుడు జరిగిన చోట ఇప్పుడు 100 కిలోమీటర్ల పొడవు, 30 కిలోమీటర్ల వెడల్పు ఉన్న సరస్సు ఉందంటే అది ఎంత పెద్దదో ఊహించుకోండి.

ధార్వాడ కర్ణాటక విశ్వవిద్యాలయం ఆచార్యుడు రవి కొరిసెట్టర్, పురావస్తు శాస్త్రవేత్త మైకేల్ పెట్రాలియా వాళ్ళ బృందం ఇక్కడ తవ్వి చూశారు. బూడిద కింద రాతి పనిముట్లు దొరికాయి. బూడిద పైన కూడా దొరికాయి, అదీ దాదాపు అదే పద్ధతిలో కొట్టినవి. 2007లో సైన్స్ పత్రికలో ఈ సంగతి అచ్చయ్యాక పెద్ద చర్చ మొదలైంది, ఎందుకంటే టోబా దెబ్బకి మానవజాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది అన్న వాదన అప్పటికి బాగా బలంగా ఉండేది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చరిత్ర అంటే మనకి గుడో, కోటో, శాసనమో కనబడాలి. ఇక్కడ అవేమీ అక్కర్లేదు, నేలే సాక్ష్యం. చిత్తడి ఎప్పుడు ఎండింది, ఏరు ఎప్పుడు మేట వేసింది, ఎప్పుడు కోసింది, ఆ మార్పుల మధ్య మనుషులు ఏ రాయి పట్టుకుని బతికారు అన్నదంతా పొరల్లో ఉంది. ఆ బూడిద కోసం తవ్వేస్తూ ఆ పొరల్ని మనం చేజేతులా పోగొట్టుకుంటున్నాం. తెలిసినవాళ్ళు తెలిసింది రాయండి.

నాపరాయి_బేతంచెర్ల:

అన్నా, మంచి థ్రెడ్ పెట్టారు. మాది బండల వ్యాపారం, ఆ ఊళ్ళన్నీ తిరిగినవాణ్ణే. ఆ తెల్లమన్ను గురించి మా పెద్దవాళ్ళకి బాగా తెలుసు, గిన్నెలు తోముకునే పొడికి దాన్ని తవ్వి లారీలకి ఎత్తేవాళ్ళు. చేతిలోకి తీసుకుని వేళ్ళ మధ్య నలిపితే మొదట పిండిలా మెత్తగా అనిపిస్తుంది, కాసేపటికి సన్నగా గరగర మొదలవుతుంది, వేళ్ళకి ఒకరకమైన చురుకు తగులుతుంది. నీళ్ళు పోస్తే సున్నంలా పొగలు రావు, ఉడకదు, ఊరికే తడుస్తుంది అంతే.

నా డౌటు ఏంటంటే, కొన్నిచోట్ల తవ్విన గుంటల్లో ఈ పొర మనిషి ఎత్తు కంటే ఎక్కువ ఉంటుంది. అంత దూరం నుంచి గాలికి వచ్చిన బూడిద అంత మందం ఎలా పడుతుంది? అంత పడి ఉంటే మనిషీ గొడ్డూ ఎవరూ మిగలకూడదు కదా.

భూపొరలు:

వృత్తిరీత్యా నేను భూగర్భశాస్త్రం వైపువాణ్ణి, ఆ ప్రాంతం చూశాను కాబట్టి చెబుతాను. నాపరాయి గారి ప్రశ్న అసలైన ప్రశ్న.

ఆకాశం నుంచి నేరుగా పడ్డ బూడిద మందం కొన్ని సెంటీమీటర్లే. పొర అడుగున అది విడిగా, శుభ్రంగా కనబడుతుంది. ఆ పైన రెండు మీటర్ల దాకా ఉన్నదంతా తర్వాత చేరింది. చుట్టూ ఉన్న కొండవాలుల మీద, మిట్టల మీద పడ్డ బూడిదని వానలు కడిగి లోయ అడుగుకి తెచ్చి పోశాయి. అప్పట్లో లోయ అడుగున నిలవ నీళ్ళు, చిత్తడి ఉండేవి, అందుకే వచ్చిన బూడిద వచ్చినట్టు అక్కడే పేరుకుంది. కొండమీద పడ్డది కొండమీద నిలవలేదు, చదునులో పడ్డది గాలికి చెదిరింది, ఈ పళ్ళెంలాంటి లోయలో మాత్రం నిలిచిపోయింది. మిగతా ఊళ్ళలో దొరకనిది ఇక్కడ ఇంత మందంగా దొరకడానికి కారణం ఇదే.

చురుకు అన్నారు కదా, అది నిజమే. మైక్రోస్కోప్ కింద పెడితే ఇదంతా గాజు పెంకులు. కరిగిన రాతిలో బుడగలు లేచి, ఆ బుడగలు పగిలితే మిగిలిన గోడల ముక్కలు. వంకరగా, పదునుగా ఉంటాయి. గిన్నెల మసి వదలడానికి కారణం ఆ పదునే. ఆ గాజులోని రసాయనాల పాళ్ళు చూసే ఇది టోబాదే అని తేల్చారు. మన దేశంలో ఇదే బూడిద మధ్యప్రదేశ్‌లో సోన్ నది లోయలో, పుణె దగ్గర బోరిలో కూడా దొరికింది.

కాబట్టి లోయ రూపం మారడం పేలుడు రోజుతో అయిపోలేదు. బూడిద పడటం కొద్దిరోజుల పని. అది కొట్టుకొచ్చి చిత్తడిని పూడ్చడం, నీటి దారులు పక్కకి తప్పుకోవడం, ఆ పైన మళ్ళీ మట్టి మేట పడటం, ఇవన్నీ చాలా కాలం సాగిన పనులు. అక్కడ బతికిన మనుషులకి అసలు ఇబ్బంది ఈ రెండో భాగంతోనే వచ్చి ఉంటుందని నా అభిప్రాయం. తాగే నీళ్ళలో గాజుపొడి, మేత మీద గాజుపొడి.

ప్రశ్నించేవాడు:

చదవడానికి బాగుంది, కానీ ఒక్క విషయం ఒప్పుకోలేకపోతున్నాను. బూడిద కింద పనిముట్లు, పైన పనిముట్లు దొరికాయి, సరే. ఆ రెంటి మధ్య ఎంత కాలం గడిచిందో ఎలా తెలుసు? ఉన్నవాళ్ళంతా చచ్చిపోయి, ఐదారువేల ఏళ్ళ తర్వాత వేరే వాళ్ళు వచ్చి ఉండొచ్చు కదా. "నిలబడ్డారు" అని శీర్షికలోనే తీర్పు ఇచ్చేశారు.

భూపొరలు:

అడగాల్సిన మాటే అడిగారు. మట్టిలోని ఇసుక రేణువు చివరిసారి ఎండ చూసింది ఎప్పుడో కొలిచే పద్ధతి ఒకటుంది. రేణువు చీకట్లో పూడిపోయిన దగ్గర్నుంచి చుట్టూ ఉన్న మట్టి నుంచి వచ్చే రేడియేషన్‌ని కొద్దికొద్దిగా దాచుకుంటుంది, ల్యాబులో వెలుతురు తగిలించగానే దాన్ని కాంతిగా వదిలేస్తుంది. ఆ కాంతిని బట్టి వయసు లెక్కగడతారు. ఈ పద్ధతిలో బూడిద కింది మట్టికి సుమారు 77,000 ఏళ్ళు, పైమట్టికి సుమారు 74,000 ఏళ్ళు వచ్చాయి. రెంటికీ ఆరేడు వేల ఏళ్ళు అటూ ఇటూ ఉండొచ్చు. అంటే మీరన్న ఖాళీని ఈ లెక్క పూర్తిగా కొట్టిపారేయలేదు, నేను దాచను. పోతే, పనిముట్లు కొట్టిన తీరు మారలేదు, అది బలమైన మాట. పూర్తిగా కొత్త జనం వచ్చి ఉంటే వాళ్ళ పనితీరు వేరుగా ఉండాలి.

దీనికి తోడు జ్వాలాపురంలోనే తవ్వకాల్లో 22వ నంబరు ఇచ్చిన చోట మనుషులు కూర్చుని రాళ్ళు కొట్టుకున్న నేల నేలగానే బూడిద కింద మూతపడి దొరికింది. అంటే బూడిద పడే కాలానికి లోయలో జనం ఉన్నారన్నది ఖాయం. సోన్ లోయలో ధాబా అనే చోట 2020లో అచ్చయిన పరిశోధన అయితే సుమారు 80,000 ఏళ్ళ కిందటి నుంచి టోబా కాలం దాటి కూడా పనిముట్ల వరస తెగకుండా సాగిందని చూపించింది. ఒక్క చోటు సాక్ష్యం కంటే రెండు లోయల సాక్ష్యం గట్టిది కదా.

ఇక వాళ్ళెవరు అన్నదాని మీద ఇప్పటికీ తగువే. పెట్రాలియా వర్గం వీళ్ళు మనలాంటి ఆధునిక మానవులే అంటుంది. పాల్ మెల్లర్స్ వర్గం 2013లో కాదని రాసింది, మనజాతి ఇక్కడికి 60,000 ఏళ్ళ లోపే, చిన్నచిన్న రాతి పనిముట్లతో వచ్చిందని వాళ్ళ వాదన. ఆ కాలపు మనిషి ఎముక ఒక్కటి కూడా ఈ లోయలో దొరకలేదు. అది దొరికేదాకా ఈ తగువు తేలదు.

శ్రీలత_డాలస్:

నమస్తే అందరికీ. బనగానపల్లె మా అమ్మమ్మగారి ఊరు, ఈ థ్రెడ్ చూసి చాలా సంతోషమేసింది. నేను పర్యావరణ చరిత్ర మీద చదువుకున్నదాన్ని, దానికి సంబంధించిన రెండు మాటలు కలుపుతాను.

టోబా తర్వాత మన దేశంలో అడవులు ఏమయ్యాయి అన్నదాని మీద 2009లో మార్టిన్ విలియమ్స్ వాళ్ళు ఒక పరిశోధన అచ్చు వేశారు. బంగాళాఖాతం అడుగు మట్టిలోని పుప్పొడిని, మధ్యభారతంలో బూడిదకి కిందా పైనా ఉన్న మట్టిలోని సున్నపు గడ్డల్ని పరీక్షించారు. చెట్లు, ఎండకి తట్టుకునే గడ్డిజాతులు గాలిలోని కార్బన్‌ని వేరువేరు పాళ్ళలో పీల్చుకుంటాయి. ఆ తేడా మట్టిలో ఉండిపోతుంది. వాళ్ళకి కనబడింది ఏంటంటే బూడిద కింద అడవి, బూడిద పైన పల్చటి చెట్లూ గడ్డీ. అంటే దెబ్బ తగిలిన మాట వాస్తవం.

కానీ ఆఫ్రికాలో మలావి సరస్సు అడుగు మట్టి చూసినవాళ్ళకి పెద్ద చలి వచ్చిన గుర్తే కనబడలేదు. దక్షిణాఫ్రికా తీరంలో పినకిల్ పాయింట్ దగ్గర టోబా గాజు పెంకులు పడ్డ కాలంలో కూడా జనం బాగానే ఉన్నారని 2018లో తేలింది. 2024లో ఇథియోపియా గురించి వచ్చింది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఏరు ఎండి మడుగులు మడుగులుగా మిగిలితే అక్కడి మనుషులు చేపలు ఎక్కువ పట్టి తిన్నారట. ఎండిన ఏటివెంటే మడుగు నుంచి మడుగుకి కదిలి ఉంటారని వాళ్ళ ఊహ.

నాకు మన జుర్రేరు గురించి కూడా అదే అనిపిస్తుంది. దేశమంతా ఒకేలా ఎండిపోదు. నీళ్ళు నిలిచే లోయలు కొన్ని ఉంటాయి, జనం అక్కడికి చేరతారు. మరి ఈ లోయలో అలాంటి నీళ్ళు ఉన్నాయా? అక్కడివాళ్ళు చెప్పాలి.

కుందేటిగట్టు:

శ్రీలతక్కా, సరిగ్గా అక్కడికే వస్తున్నా. యాగంటి కోనేరు మీరు చూసే ఉంటారు, నడివేసవిలో కూడా బసవన్న నోట్లోంచి నీళ్ళు పడుతూనే ఉంటాయి. ఈ కొండలు పైన గట్టి ఇసుకరాయి జాతి, కింద సున్నపురాయి. వాననీళ్ళు నెర్రెల్లోకి దిగి, సున్నపురాయిని కరిగించి సొరంగాలు చేసుకుని, కొండ అడుగున ఊటలుగా బయటికి వస్తాయి. బెలుం గుహలు, బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం, ముచ్చట్ల చింతమాను గవి, అన్నీ ఆ నీళ్ళు తొలిచినవే. అంటే వాన తగ్గిన ఏడాది కూడా ఈ కొండల అడుగున నీళ్ళు దొరికే అవకాశం ఉంది, గవుల్లో నీడ ఉంది, పనిముట్లకి రాయి కాళ్ళకిందే ఉంది. మనిషి లోయని వదలకపోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

బిల్లసర్గం గవుల గురించి న్యూబోల్డ్ 1844లోనే రాశాడు. 1880ల్లో భూగర్భశాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు కలిసి తవ్వి బోలెడన్ని జంతువుల ఎముకలు తీశారు. ఈమధ్య కాలంలో మళ్ళీ పొరలవారీగా వయసులు కట్టి చూస్తే, ఆ ఎముకల్లో గుర్తుపట్టిన క్షీరదాల్లో దాదాపు అన్ని జాతులూ 2 లక్షల ఏళ్ళుగా ఉపఖండంలో కొనసాగుతూ వచ్చాయని 2014లో తేలింది. టోబా వచ్చింది, మంచుయుగం వచ్చింది, అయినా జంతువుల వరస పెద్దగా తెగలేదు. జింకకీ దుప్పికీ చోటు దొరికితే వాటిని వేటాడే మనిషికి దొరకదా?

లోయలో రెండో పెద్ద మార్పు నాకు టోబా కంటే ముఖ్యం అనిపిస్తుంది. సుమారు 35,000 ఏళ్ళ కిందట, వాతావరణం పొడిబారుతున్న రోజుల్లో, జ్వాలాపురం 9వ నంబరు రాతిచూరు కింద పనిముట్ల రూపమే మారిపోయింది. అరచేతిలో పట్టే పెచ్చుల బదులు గోరంత సన్నటి రాతి బిళ్ళలు వచ్చాయి, వాటిని కర్రకో ఎముకకో బంకతో అతికించి బాణం మొనగానో కొడవలి అంచుగానో వాడతారు. అక్కడే పూసలు కూడా దొరికాయి. 2009లో దీని మీద వచ్చిన వివరణ ఏంటంటే ఒకవైపు జనం పెరిగారు, ఇంకోవైపు నేల ఎండిపోయి వేట తగ్గింది, ఆ ఒత్తిడిలోంచి ఈ పనితనం పుట్టిందని. నేను దాన్ని పూర్తిగా నమ్ముతాను. 74,000 ఏళ్ళ నాడు హఠాత్తుగా వచ్చిన దెబ్బకి మారని పనితీరు, నెమ్మదిగా వచ్చిన కరువుకి మారింది.

నాపరాయి_బేతంచెర్ల:

మా కొండల మీద గవులు ఎన్ని ఉన్నాయో లెక్కలేదు అన్నా. క్వారీ కోసం పైబండ తీసినప్పుడు అడుగున బొక్కలు పడతాయి, లోపల ఎర్రమన్ను, ఎముకలు గడ్డకట్టి ఉంటాయి. పనోళ్ళు అవేవో గొడ్ల ఎముకలని పక్కన పారేస్తారు. ఇప్పుడు ఇదంతా చదివాక ఇంకోలా చూడాలనిపిస్తోంది.

అండుకొర్ర:

మీరంతా వేటకాలం దగ్గరే ఆగిపోయారు, నేను కాస్త ఇవతలికి వస్తాను. నాకు ఈ లోయ మీద ప్రేమ తిండిగింజల వైపు నుంచి.

మన దక్షిణాదిలో సుమారు 5,000 ఏళ్ళ కిందట పశువుల మందలు, ఆ తర్వాత సాగు మొదలయ్యాయి. డోరియన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్త కుందూ పరివాహకంలో హనుమంతరావుపేట, పెద్దముడియం, రూపనగుడి, ఇంజేడు లాంటి చోట్ల కొత్తరాతియుగపు మట్టిని నీళ్ళలో కలిపి, తేలిన కాలిన గింజల్ని ఏరి చూశాడు. బళ్ళారి వైపు సంగనకల్లులో కూడా ఇదే పని జరిగింది. ఆ చోట్ల నుంచి తేలింది ఏంటంటే మన తొలి రైతుల ముఖ్యమైన తిండి అండుకొర్రలు, ఇంకో రకం కొర్రజాతి గడ్డిగింజ, ఉలవలు, పెసలు. వరి కాదు, గోధుమ కాదు. అండుకొర్రలు ఇప్పుడు కిలో లెక్కన హెల్త్ ఫుడ్ షాపుల్లో కొంటున్నారు, అవి ఈ మెట్టనేలలో పుట్టి పెరిగిన పంట. తొలకరి వానకి మొలిచి, మళ్ళీ ఎండ ముదిరేలోపు కోతకి వచ్చేస్తాయి. ఏడాదికి ఒక్క వానకాలం ఉన్న లోయకి ఇంతకంటే సరిపడే గింజ లేదు. ఆ లోయ వాతావరణం ఎలాంటిదో ఈ గింజే చెబుతుంది.

పాతపాడు పేరు ఎవరూ ఎత్తలేదేంటి? యాగంటి దగ్గరి ఆ ఊళ్ళో దొరికిన రంగుల గీతల కుండలు ఎంత ప్రత్యేకమైనవంటే, ఆ రకం కుండలకే పురావస్తువాళ్ళు ఆ ఊరి పేరు పెట్టేశారు.

ఇక్కడ ఇంకో బూడిద సంగతి కూడా చెప్పాలి, రెండూ కలిపేయకండి. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు), అనంతపురం వైపు పాల్వాయిలో పెద్దపెద్ద బూడిద దిబ్బలు ఉన్నాయి. అవి అగ్నిపర్వతానివి కావు, పేడవి. మందల్ని కట్టేసిన దొడ్లలో పేరుకున్న పేడని కాల్చగా కాల్చగా దిబ్బలయ్యాయి, కొన్నిచోట్ల వేడికి కరిగి గాజులా గడ్డకట్టింది. 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ ఉట్నూరు దిబ్బ తవ్వితే దొడ్డి గుంజల గుంతలు, పశువుల గిట్టల ముద్రలు కూడా బయటపడ్డాయి. అన్ని వేల ఏళ్ళ నాటి ఆవు అడుగు మట్టిలో అలాగే ఉంది!

నా లెక్కలో లోయ రూపాన్ని మనిషి తన చేతులతో మార్చడం మొదలైంది ఇక్కడే. అంతకుముందు నేల మారితే మనిషి సర్దుకున్నాడు. మందలు, సాగు వచ్చాక కొండవాలు గడ్డిని గొడ్లు మేశాయి, పొదల్ని కాల్చారు, నేలని గీరారు, పైమట్టి వదులై కిందికి దిగింది.

ప్రశ్నించేవాడు:

అండుకొర్ర గారూ, చివరి మాట సాక్ష్యంతో చెబుతున్నారా, ఊహతోనా?

అండుకొర్ర:

పశువులు, సాగు ఉన్నాయన్నది సాక్ష్యం. వాలు మట్టి దిగిపోవడం మెట్ట వ్యవసాయం చేసేవాణ్ణిగా నా అనుభవంతో చెప్పాను. గట్టు లేని వాలు చేనులో రెండు పెద్ద వానలు పడితే మట్టి ఎటు పోతుందో మా ఊళ్ళో చిన్నపిల్లవాడు కూడా చూపిస్తాడు.

సాగర్_మాచర్ల:

మీ లోయ కనీసం కంటికి కనబడుతోంది, మా లోయ నీళ్ళ కింద ఉంది.

నాగార్జునకొండ మూడువైపులా కొండలు, ఒకవైపు కృష్ణ ఉన్న లోయ. అందరూ ఇక్ష్వాకుల విజయపురి అంటారు, మహాస్తూపం అంటారు, దానికి ముందుది ఎవరూ మాట్లాడరు. అక్కడ పాతరాతియుగం పనిముట్లు దొరికాయి, కొత్తరాతియుగంవాళ్ళ గుంట ఇళ్ళు, సమాధులు దొరికాయి, ఆ తర్వాత పెద్ద రాళ్ళు పేర్చిన సమాధులు, ఆ పైన మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని. ఒకే లోయలో ఇన్ని కాలాలు. ఇక్ష్వాకుల నాటికి మనిషి నీళ్ళ వెంట పోవడం మానేసి నీళ్ళనే తన దగ్గరికి తెచ్చుకున్నాడు. ఏటి ఒడ్డున రాతి మెట్ల ఘాట్లు, మెట్ల కోనేళ్ళు, ఇటుక కట్టడాలు. ఆ ఇటుకలన్నీ కాల్చడానికి చుట్టూ కొండల మీద ఎంత అడవి నరికి ఉంటారో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

1926లో సూరపరాజు వేంకటరామయ్య అనే ఉపాధ్యాయుడు అక్కడి స్తంభాన్ని చూసి కబురు పంపాకే ఈ చోటు బయటి ప్రపంచానికి తెలిసింది. తర్వాత లాంగ్‌హర్స్ట్ తవ్వాడు. డ్యామ్ ఖాయమయ్యాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో లోయ అంతా తవ్వకాలు సాగాయి. మధ్యలో 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. కట్టడాల్లో కొన్నిటిని కొండమీదికీ, జలాశయం ఒడ్డున ఉన్న అనుపుకీ తరలించి మళ్ళీ కట్టారు. రాళ్ళని మోసుకెళ్ళొచ్చు, లోయని మోసుకెళ్ళలేరు. ఏ ఇల్లు ఏ మిట్ట మీద ఉంది, వరద ఎక్కడిదాకా వచ్చేది, పొలం ఎక్కడ, అడవి ఎక్కడ అనేది మళ్ళీ వెళ్ళి చూసుకునే అవకాశం పోయింది. మట్టిలోని ఇసుక వయసు కట్టే పద్ధతి ఆ రోజుల్లో లేదు. ఇప్పుడు పద్ధతి ఉంది, లోయ లేదు.

డ్యామ్ వద్దని నేను అనట్లేదు, మా పొలానికి నీళ్ళు వచ్చింది కుడికాలువ నుంచే. కానీ అక్కడ కనీసం ఆరేళ్ళు తవ్వి రాసుకున్న తర్వాత ముంచారు. జుర్రేరులో రాసుకునే లోపే పోతోంది అంటే అది ఇంకా పెద్ద నష్టం.

ప్రశ్నించేవాడు:

ఈ మాటతో ఏకీభవిస్తాను. నేను అభ్యంతరం చెప్పింది తేల్చి చెప్పడం మీదే గానీ, పొరలు ఉంటేనే కదా ఎవరైనా ఎప్పటికైనా తేల్చేది.

చేనుగట్టు_చెన్నయ్య:

మొదటిసారి రాస్తున్నా. మాది ఆ చుట్టుపక్కల పల్లెనే, పేరు వద్దులే. మీరు మాట్లాడేది అంతా బాగుంది కానీ మాలాంటివాళ్ళ కష్టం కూడా చూడండి. పైన నల్లరేగడి పల్చగా ఉండి కింద ఆ తెల్లమన్ను ఉన్న చేలో పంట సరిగా నిలబడదు. శనగ వేసినా, జొన్న వేసినా పక్క చేనుతో పోలిస్తే తక్కువే. అట్లాంటి చేనుని మన్నుకి అమ్ముకుంటే నాలుగు డబ్బులు వస్తాయి, తీసేసిన తర్వాత చదును చేసుకుని మట్టి తోలుకుంటారు. రేపు ఎవరో వచ్చి ఇది పురాతన స్థలం, పలుగు వేయొద్దు అంటే మా గతేంటి? ఆ టెన్షన్‌తోనే ఊళ్ళో ఎవరూ రాళ్ళు దొరికినా నోరు మెదపరు.

కుందేటిగట్టు:

చెన్నయ్యన్నా, మీరు రాయడం చాలా మంచిదైంది. మీ మాట లేకుండా ఈ చర్చకి అర్థం లేదు.

ఊరు మొత్తం పలుగు ఆపాలని ఎవరూ అడగక్కర్లేదు, అడగకూడదు కూడా. పొరలన్నీ వరుసగా ఉన్న చోట్లు కొన్నే ఉంటాయి. ఆ కొన్నిటిని ప్రభుత్వం ధర కట్టి కొనాలి, రైతుకి నష్టం లేకుండా. మిగతా చోట్ల తవ్వేముందు ఒక గోడ నిలువుగా చెక్కి ఫొటోలు తీసుకుని, పొరలు రాసుకుని, మట్టి నమూనా తీసుకునే అవకాశం ఇస్తే చాలు. అది కొద్దిరోజుల పని. ఊరి బడిలో ఒక గది ఇచ్చి అక్కడే ఈ పనిముట్లు పెడితే యాగంటికి వచ్చే జనంలో కొంతమందైనా ఊళ్ళో ఆగుతారు. రాయి దొరికిందని చెప్పిన రైతుకి భయం ఉండకూడదు, మర్యాద దక్కాలి.

శ్రీలత_డాలస్:

దీనికి నేను పూర్తిగా తోడుంటాను. మా అమ్మమ్మగారి ఊరి పిల్లలు డైనోసార్ల పేర్లు గడగడా చెబుతారు, పక్క పొలంలో 74,000 ఏళ్ళ నాటి నేల ఉందని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. బడికి పటాలు, బొమ్మలు తెలుగులో తయారుచేసే పని నేను తీసుకుంటాను. భూపొరలు గారూ, పొరల బొమ్మ ఒకటి గీసి పంపగలరా?

భూపొరలు:

తప్పకుండా పంపుతాను. అడుగున చిత్తడి బంకమట్టి, దానిమీద పల్చటి తొలి బూడిద, ఆ పైన కొట్టుకొచ్చిన మందపాటి బూడిద, ఆ తర్వాత ఎర్రటి ఒండ్రు, చివర నేటి దుక్కిమట్టి, ఇలా గీస్తాను. పనిముట్లు ఏ పొరలో దొరికాయో గుర్తులు కూడా పెడతాను.

డిగ్రీ_సెకండియర్:

సార్, నేను నంద్యాలలో చదువుతున్నాను. అక్కడికి వెళ్తే మామూలుగా పగిలిన రాయికి, మనిషి కొట్టిన రాయికి తేడా ఎలా పట్టుకోవాలి? నాకు రెండూ ఒకేలా ఉన్నాయి.

నాపరాయి_బేతంచెర్ల:

తమ్ముడూ, దీనికి నేను చెబుతా, రోజూ సుత్తితో చేసే పనే. ఎండకీ వానకీ పగిలిన రాయి పొరల వెంట చీలుతుంది, రెండువైపులా చదునుగా ఉంటుంది. మనిషి గురి చూసి అంచు మీద కొడితే దెబ్బ పడ్డ చోట చిన్న మట్టు ఉంటుంది, దాని కిందనే పెచ్చు లోపలివైపు ఉబ్బెత్తుగా ఉంటుంది, బొటనవేలు పెట్టి తడిమితే తెలుస్తుంది. అక్కడి నుంచి అలలు అలలుగా గీతలు సాగుతాయి. వీపువైపు చూస్తే అంతకుముందు తీసిన పెచ్చుల గాట్లు కనబడతాయి. ఒక్క గుర్తు చూసి నిర్ణయించొద్దు, ఇవన్నీ కలిసి ఉంటేనే మనిషి పని అనుకో. సున్నపురాయి పెచ్చులు గాలికీ నీటికీ అరిగి గుర్తులు చెరిగిపోతాయి, చకుముకిరాయివి అయితే నిన్న కొట్టినట్టు ఉంటాయి.

భూపొరలు:

చాలా బాగా చెప్పారు. ఒక్క ముక్క కలుపుతాను. రాయి కనబడితే జేబులో వేసుకోవద్దు, కదపనే వద్దు. పక్కన ఒక పెన్ను పెట్టి ఫొటో తీసుకో, అది ఏ రంగు మట్టిలో ఉంది, బూడిదకి ఎంత పైన లేదా కింద ఉంది అన్నది రాసుకో, ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసుకో. పొర నుంచి విడిపోయిన పనిముట్టు ఎవరు చేశారో ఎప్పుడు చేశారో చెప్పలేదు. వానలు వెనకబడ్డాక, దుక్కులు మొదలయ్యేలోపు వెళ్తే గుంటల గోడలు శుభ్రంగా కనబడతాయి. చేనుగల వాళ్ళని అడిగి దిగు.

చేనుగట్టు_చెన్నయ్య:

మా ఊరికి వస్తే నేను చూపిస్తా తమ్ముడూ. మా చేను పక్కన పాత గుంట ఒకటి ఉంది, దాని గోడలో ఆ పొరలన్నీ వరసగా కనబడతాయి. ఈ సంవత్సరం దాన్ని పూడ్చాలనుకున్నాం, ఇప్పుడు ఆపుతాలే. ఆ బొమ్మ గీసే సార్‌ని కూడా రమ్మనండి.

భూపొరలు:

వస్తాను చెన్నయ్య గారూ. మెసేజ్ పెట్టాను, చూడండి.